మగపిల్లల్ని బడి వదిలేసిందా?

ప్రశ్న: నమస్తే సార్. మాది ఆదోని పక్కన పల్లె. కూతురు ఇంటర్ సెకండియర్, టెన్త్‌లో మంచి మార్కులు తెచ్చుకుంది. కొడుకు అదే హైస్కూల్లో తొమ్మిదో తరగతి, తెలుగు పాఠం కూడా తడుముకుంటూ చదువుతాడు. మొన్న పేరెంట్స్ మీటింగ్‌కు పోతే సారు "వీడు టెన్త్ గట్టెక్కడు, టీసీ తీసుకుని ఓపెన్ స్కూల్లో ఫీజు కట్టండి" అన్నారు. బడి ఒకటే, సార్లు వాళ్లే, ఇల్లూ ఒకటే. ఆడపిల్లకు వచ్చిన చదువు వీడికెందుకు రాలేదు? స్కీములన్నీ ఆడపిల్లలకే పోతున్నాయి కదా, మగపిల్లల్ని బడి వదిలేసిందా?
- ఒక తల్లి, ఆదోని మండలం

జవాబు: అమ్మా, ముందు టీసీ సంగతి. తీసుకోవద్దు, ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు, ఇంకోసారి అడిగితే ఎంఈఓ (మండల విద్యాధికారి) గారిని కలుస్తామని మర్యాదగానే చెప్పండి. టెన్త్‌లో పర్సంటేజీ పడిపోతే హెడ్మాస్టర్లకు పైనుంచి అక్షింతలు పడతాయి, ఆ భయంతో కొందరు తొమ్మిదిలోనే బరువు దించుకోవాలని చూస్తారు, దించేది ఎక్కువగా వెనక బెంచీ మగపిల్లల్నే. పనిలో పడి చదువు ఆగిపోయినవాళ్లకు ఓపెన్ స్కూల్ మంచి దారే, కాదనను. రోజూ బడికొచ్చే పిల్లవాడికి దాంతో ఏం పని?

ఇక మీరడిగింది. తేడా ఉంది. మన రాష్ట్రంలో 2023 టెన్త్‌లో ఆడపిల్లలు 75.38 శాతం పాసైతే మగపిల్లలు 69.27. 2024లో 89.17, 84.32. 2025లో 84.09, 78.31. మొత్తం పాస్ శాతం ఏటా ఎగుడుదిగుడుగా ఉన్నా మగపిల్లలు ఐదారు పాయింట్లు వెనకే ఉంటున్నారు. కానీ అదే 2024లో పార్వతీపురం మన్యం జిల్లా 96.37 శాతంతో మొదట ఉంటే మన కర్నూలు 62.47తో అట్టడుగున ఉంది. ముప్పై నాలుగు పాయింట్లు! దీని ముందు ఆడా మగా తేడా ఎంత? మీ వాడు మగపిల్లవాడైనందుకు కొంచెం నష్టపోయాడు, మన పడమటి మండలాల్లో పుట్టినందుకు చాలా నష్టపోయాడు.

కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం వైపు సంగతి మీకు నేను చెప్పాలా. దసరా దాటితే సుగ్గి, అంటే కూలికి వలస. మిరప కోతలకు, పత్తి ఏరడానికి గుంటూరు వైపు ఊళ్లకు ఊళ్లు పోతాయి, తలుపులకు తాళాలు. అట్లా పోయే ఇంట్లో ఆడపిల్ల ఉంటే కస్తూర్బా బడిలో చేర్చే దారి ఉంది, తిండీ పడకా చదువూ అక్కడే. అవి 2004లో మొదలైంది మగపిల్లల మీద కోపంతో కాదు, మన జిల్లాలో 2011 జనాభా లెక్కల నాటికి కూడా ఆడవాళ్ల అక్షరాస్యత యాభై శాతం దాటలేదు, మగవాళ్లది డెబ్బై. కాబట్టి స్కీముల మీద మీ కోపం నాకు అర్థమైంది గానీ ఒప్పుకోను. మగపిల్లలకూ హాస్టళ్లున్నాయి, సీజనల్ హాస్టళ్లు పెడతారు, అయితే మగపిల్లవాణ్ని వాటిలో చేర్చాలన్న తొందర ఇంట్లోనూ ఉండదు బడిలోనూ ఉండదు, ఎందుకంటే పదమూడేళ్లకే వాడి చేతికి కూలి వస్తుంది. మెకానిక్ షెడ్డో, బేల్దారి పనో, మార్కెట్ యార్డో. పద్నాలుగేళ్ల లోపు పిల్లలతో పని చేయించడం నేరమని తెలియక కాదు, ఆ డబ్బు ఆ వారం అవసరం.

బడి తప్పు లేదా అంటే ఉంది, అది వేరేచోట ఉంది. మీ వాడికి చదవడం రాదని తొమ్మిదిలో తెలిసిందా వాళ్లకు? మూడో తరగతిలోనే ఎవరో ఒకరు గమనించాల్సింది. ఎనిమిది దాకా ఏటా పై క్లాసుకు తోసుకుంటూ వచ్చారు, పైగా అల్లరి చేస్తే దెబ్బలు (చట్టం వద్దన్నా), చేయకపోతే అసలు వాడొకడున్నాడన్న గుర్తే లేదు. నోట్సు శుభ్రంగా రాసే ఆడపిల్ల చూసి రాసినా సారుకు ముచ్చటే అనుకోండి. పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లలకు చదువెంత వచ్చిందో చూసే అసర్ సర్వే 2023లో 14 నుంచి 18 ఏళ్ల వాళ్లను చూస్తే, రెండో తరగతి పాఠాన్ని మాతృభాషలో చదవగలిగిన ఆడపిల్లలు 76 శాతం, మగపిల్లలు 70.9. లెక్కల్లో, ఇంగ్లిష్ చదవడంలో మాత్రం మగపిల్లలే ముందు. తెలివి తక్కువైతే లెక్కలెట్లా వస్తాయి? వెనకపడింది తెలుగు చదవడంలో, అది దిద్దుకోవచ్చు.

నాలుగో తరగతి తెలుగు వాచకం తెచ్చి రోజూ అరగంట పైకి చదివించండి, పక్కన మీరు కూర్చోండి, మీకు చదువు రాకపోయినా ఫర్వాలేదు, వినండి చాలు. అక్కకు అప్పగించొద్దు, ఆమెకు ఇంటర్ పరీక్షల టెన్షన్ చాలు. తెలుగు సారును విడిగా కలిసి ఎక్కడ ఆగుతున్నాడో అడగండి. ఫోన్ వాడి సొంతమా, ఇంటిదా? అదే సర్వేలో స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చినవాళ్లలో సొంత ఫోన్ ఉన్నది మగపిల్లల్లో 43.7 శాతం, ఆడపిల్లల్లో 19.8. సాయంత్రం ఆడపిల్ల ఇంట్లో, మగపిల్లవాడు ఎక్కడున్నాడో ఎవరూ అడగరు, ఈ పెంపకం బడి ఇచ్చింది కాదు కదమ్మా.

ఇంకొక మాట, కటువుగా ఉంటే ఏమీ అనుకోవద్దు. మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయిందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) లెక్క. టెన్త్ తప్పితే తనకేం జరుగుతుందో చాలామంది ఆడపిల్లలకు తెలుసు, మగపిల్లవాడు తప్పితే "పోనీలే, ఏదో పని చేసుకుంటాడు" అంటాం. ఆ మాట మీ ఇంట్లో వాడి ముందు ఎవరన్నా అంటుంటే ఆపించండి.

ప్రశ్న: ఐఐటీల్లో చూస్తే మగపిల్లలే కదా నిండా ఉండేది. మరి మగపిల్లలు వెనకపడ్డారని గోల ఎందుకు?
- ఒక లెక్చరర్, ప్రొద్దుటూరు

జవాబు: మీరన్నదీ నిజమే మేడం. ఆడపిల్లలు పది శాతం లోపే చేరుతున్నారని 2018 నుంచి వాళ్లకు ఐఐటీల్లో అదనపు సీట్లు పెట్టాల్సి వచ్చింది. కానీ ఐఐటీల్లో చేరే మగపిల్లలూ ఆదోని పిల్లవాడూ ఒకటేనా? డబ్బున్న ఇంట్లో లక్షల ఫీజు కట్టి మగపిల్లవాణ్ని కార్పొరేట్ హాస్టల్లో వేస్తారు, ఆడపిల్లను ఊళ్లోనే డిగ్రీలో చేరుస్తారు. డబ్బు లేని ఇంట్లో మగపిల్లవాణ్నే ముందు బడి మాన్పిస్తారు. రెండుచోట్లా సంపాదించాల్సింది వాడేనన్న లెక్కే. మీ కాలేజీలో ఇంటర్ అయ్యాక ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్‌కు పంపింది కొడుకులనా కూతుళ్లనా, ఒకసారి మీ స్టాఫ్ రూమ్‌లోనే అడిగి చూడండి, జవాబు వస్తే నాకూ రాయండి.