సురిన్ పల్లెకు పట్టు పని నేర్చుకోవడానికి వెళ్తున్న తమ్ముడి కూతురికి

పుట్టపాక

చిరంజీవి భారతికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

థాయ్‌లాండ్ ఈశాన్య భాగమైన ఈసాన్‌లో, సురిన్ దగ్గర ఒక పల్లెలో ఉండి సహజ రంగుల పట్టు పని నేర్చుకోవాలని నువ్వు నిశ్చయించుకున్నట్టు మీ నాన్న చెప్పాడు. పదహారేళ్ల కిందట నేనూ ఆ ప్రాంతంలోనే ఒక ఊళ్లో నాలుగు నెలలు ఉండి, చెడగొట్టిన చిలపల (పోగుల కట్టల) లెక్క చూసుకుంటూ కొంత నేర్చుకుని వచ్చాను కాబట్టి, బయలుదేరే ముందు నీకు తెలియవలసినవి వ్రాస్తున్నాను.

మొదటిది కాలం సంగతి. మనకు మగ్గమే బతుకుతెరువు. అక్కడ చాలా ఇళ్లలో అది వరి సాగు తర్వాతి పని. జూలైలో వెళ్తే నీకు నేర్పవలసిన ఆడవాళ్లు నాట్లలో ఉంటారు. కోతలు ముగిసి ధాన్యం ఇల్లు చేరాక, స్తంభాల మీద కట్టిన ఇంటి కింది నీడలో మగ్గాలు ఆడడం మొదలవుతుంది, కనుక డిసెంబరులో వెళ్లు. అక్కడి నేతగత్తెల్లో చాలామంది ఇంట్లో కంబోడియా వాళ్ల భాషైన ఖ్మేర్ మాట్లాడతారు. నువ్వు పుస్తకంలో నేర్చుకున్న థాయ్ భాష వాళ్లకు అర్థమవుతుంది కానీ, వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేది నీకు అర్థం కాదు. పెద్దామెను ‘యాయ్’ అని, అంటే అమ్మమ్మా అని, పిలిచి పక్కన కూర్చో.

రంగుల కోసం వెళ్తున్నావు కాబట్టి మొదటి రోజే రంగు కుండ దగ్గరికి పరుగెత్తుతావని నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అదే చేశాను. రంగు కుండలో నిర్ణయమయ్యేది తక్కువ, అంతకు ముందే పోగులో నిర్ణయమయ్యేది ఎక్కువ అని గ్రహించడానికి నాకు రెండు నెలలు పట్టింది. అందుచేత ముందుగా పోగు తీసే ఆమె దగ్గర పది రోజులు కూర్చో. అక్కడి నాటు పట్టుపురుగు గూడు చిన్నది, బంగారు పసుపు రంగుది. దాని పోగు పొడవు మన బైవోల్టిన్ (ఏడాదికి రెండు తరాల జాతి) గూటి పోగులో సగం కూడా ఉండదు. వేడినీళ్ల కుండలో గూళ్లు వేసి, చీలిక ఉన్న కర్రతో అదుముతూ, కుండ మీది చట్రంలోని రంధ్రం గుండా పోగును పైకి లాగి, చుట్టకుండా బుట్టలోకి వరుసగా పడనిస్తారు. పై పొర నుంచి వచ్చే ముతక పోగును వేరుగా, లోపలి పొర నుంచి వచ్చే సన్నపోగును వేరుగా తీస్తారు; ఈ సన్నపోగును ‘మై నోయ్’ అంటారు. ఈ రెండూ ఒకే రంగులో ముంచినా ఒకే ఛాయ రాదు. ఏ చిలప ఏ పొరదో తెలియకుండా రంగు వేసి, తర్వాత రంగు పట్టడానికి వేసే పటికను తప్పుపట్టేవాళ్లను నేను చాలామందిని చూశాను. ఉడికిన పురుగును నీ చేతిలో పెట్టి తినమంటారు. తినలేకపోతే నవ్వుతూ వద్దను, ముఖం మాత్రం చిట్లించకు.

తర్వాతది జిగురు తీయడం. నేను అన్నిటికంటె గట్టిగా చెప్పవలసింది దీని గురించే. ఆ బంగారు పసుపు రంగంతా పట్టు జిగురులో ఉంటుంది. జిగురు పోతే మీగడ తెలుపు పోగు మిగులుతుంది. అరటి బోదెలను ఎండబెట్టి కాల్చిన బూడిదను నీళ్లలో కలిపి, తేటను వడకట్టి, అందులో చిలపలను ఉడికిస్తారు. తేట ఘాటు తక్కువైతే జిగురు మచ్చలు మచ్చలుగా మిగిలి, ఆ చోట్ల రంగు వేరుగా పడుతుంది. ఎక్కువైతే పోగు బలం చచ్చి, మెరుపు పోతుంది. ఘాటును వాళ్లు వేళ్ల మధ్య రాసి జారుడును బట్టి గుర్తిస్తారు, కనుక నువ్వు కూడా ప్రతిసారి వేళ్లు ముంచి ఆమె ముఖం వైపు చూడు. ఇంకొక మాట, జిగురు పోయాక బరువులో సుమారు నాలుగో వంతు తగ్గుతుంది. కిలో పట్టు కొని కిలో రంగు పట్టు చేతికి వస్తుందని లెక్క వేసుకుని, ముందే ధర ఒప్పుకున్న తెలివితక్కువవాణ్ణి నేనే.

ఇక రంగులు. ఎరుపుకు లక్క, పసుపుకు పనస చెక్క గాని ‘ప్రహోద్’ అనే చెట్టు బెరడు గాని, నీలానికి నీలిమందు. పసుపు వేసిన పోగును నీలిలో ముంచితే ఆకుపచ్చ వస్తుంది. లక్కను దంచి, నానబెట్టి, కాచి వడకట్టేటప్పుడు తొందరపడకు. నేను ఒకసారి పలుచని గుడ్డతో వడకట్టి ఊరుకున్నాను; మిగిలిన బంక వేడికి కరిగి చిలప అంతా పట్టుకుంది, ఆ చిలపను యాయ్ ఏమీ అనకుండా తీసుకెళ్లి పశువుల కొట్టం దడికి కట్టింది. దట్టమైన గుడ్డతో రెండుసార్లు వడకట్టు, చింతాకు పులుపు వేసేది ఎప్పుడో గమనించు, నీళ్లు తెర్లకుండా మంట తగ్గించు. లక్క కుండ దగ్గరికి ఎవరు రాకూడదో వాళ్లకు నియమాలున్నాయి. వాటితో వాదించడానికి నువ్వు వెళ్లడం లేదు. నీలి బానకు పొద్దునా సాయంత్రం సున్నం, బూడిద తేట, చింతపండు పులుసు చూసి చూసి అందిస్తారు. అది చెడిపోతే పారిపోయిందంటారు. నలుపుకు వాడే ‘మక్లువా’ కాయ మన తుమికి జాతిది, అనేకసార్లు ముంచి అనేకసార్లు ఎండబెట్టాలి, ఆ ఓపిక నీకు లేదని నా అనుమానం.

మత్‌మీ అంటే పోగులు కట్టడమని అర్థం, రంగు వేయక ముందే పోగులు కట్టి నమూనా తెచ్చే మన చిటికి పనే అది. అయితే వాళ్లు సాధారణంగా పేకనే, అంటే అడ్డపోగులనే, కడతారు. మనం పడుగూ (నిలువు పోగులూ) పేకా రెండూ కట్టి తేలియా రుమాలు నేస్తామని అక్కడ గొప్పలు చెప్పకు. వాళ్ల ‘హోల్’ చీరకట్టు గుడ్డలో రంగు మీద రంగు పడే వరుసను లెక్క తప్పకుండా గుర్తుంచుకోవడం మన పని కంటె తేలిక కాదు. ఒకప్పుడు అరటి నారతో కట్టేవారు, ఇప్పుడు ప్లాస్టిక్ పీలికలు వాడతారు. మన సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలు నాలుగు తీసుకెళ్లి చూపించు, సంతోషిస్తారు. మగ్గం గురించి నీకు చెప్పవలసింది లేదు. ఒక్క రోజు సురిన్ దగ్గరి తా సవాంగ్ పల్లెకు వెళ్లి, 1,416 అల్లెలు (పడుగు పోగులను పైకెత్తే దారపు కట్లు) ఉన్న మగ్గం మీద నలుగురు కలిసి జరీ నేయడం చూసి రా.

కొనేటప్పుడు థాయ్ పట్టు నాణ్యతకు గుర్తైన నెమలి ముద్ర చూడు. బంగారు నెమలి ఉంటే పడుగూ పేకా రెండూ నాటు పట్టే, చేత్తో తీసిన పోగే, చేమగ్గమే. అయినా ఆ ముద్రలో కూడా హాని చేయని రసాయనపు రంగులకు అనుమతి ఉంది, కాబట్టి సహజ రంగా కాదా అన్నది నువ్వు అడిగి తెలుసుకోవలసిందే.

రంగు వేసిన ప్రతి చిలప నుంచి జానెడు పోగు కత్తిరించి, ఏ పొరదో, ఏ బావి నీళ్లో, ఎన్నిసార్లు ముంచారో చీటీ కట్టు. సగం నీ దగ్గర ఉంచుకుని సగం నాకు పంపు, మేడ మీద ఎండలో ఆరబెట్టి చూస్తాను. ఎరుపుకు వాడే పతంగి చెక్కతో రంగు వేసిన పోగులు కాస్త ఎక్కువ పంపు, అవి అన్నిటికంటె ముందు వెలిసిపోతాయి.

ఇట్లు
మీ పెదనాన్న