ఫోరెన్సిక్ డిగ్రీలో చేరేముందు ఒక్క నోటిఫికేషన్ చదవండి

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా ఆదోని. పత్తి మార్కెట్లో గుమాస్తాగా చేస్తున్నాను. మా పాప ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసయింది. నీట్‌లో ర్యాంకు రాలేదు. ఇప్పుడు బీఎస్సీ ఫోరెన్సిక్ సైన్స్ చదువుతానని పట్టుబట్టింది. బెంగళూరులో ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లు వారంలోగా అడ్వాన్స్ కట్టమని ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. శవాల దగ్గర పని ఆడపిల్లకెందుకని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందైతే ఆ అడ్వాన్స్ కట్టకండి. సీట్లు మిగిలిపోతున్న చోటి నుంచే అన్ని ఫోన్లు వస్తాయి.

ఇక బంధువుల మాట. పోస్టుమార్టం చేసేది డాక్టర్లు. కర్నూలు మెడికల్ కాలేజీలో ఉండే ఫోరెన్సిక్ మెడిసిన్ విభాగం వేరు, మీ పాప అడుగుతున్న ఫోరెన్సిక్ సైన్స్ వేరు. మొదటిదానికి ఎంబీబీఎస్ చేసి ఆపై ఎండీ చేయాలి. రెండోది ల్యాబ్ పని. మన వైపు పురుగుల మందు తాగిన కేసులు మీరు వింటూనే ఉంటారు. అలాంటి కేసులో డాక్టరు కడుపు, కాలేయం, మూత్రపిండం నుంచి తీసిన భాగాలను సీసాల్లో చిక్కటి ఉప్పు ద్రావణంలో వేసి, లక్కతో సీలు వేసి పోలీసులకిస్తారు. పేపర్లో 'విసెరా పంపారు' అని రాసేది దీని గురించే. ల్యాబ్‌లో కెమిస్టు ఆ సీసా రాగానే మూత తీయరు. సీలు చెదరలేదు కదా, సీసా మీది క్రైమ్ నంబరూ పోలీసుల ఉత్తరంలోని నంబరూ ఒకటేనా అని ముందు చూసి రాసుకుంటారు. ఆ తర్వాతే అందులోంచి మందును వేరుచేసి, క్రోమటోగ్రఫీ (పదార్థాలను విడదీసి గుర్తించే పద్ధతి) మీద అదేమిటో తేలుస్తారు. రిపోర్టు మీద సంతకం పెట్టినవాళ్లను కోర్టు పిలిస్తే బోనెక్కి లాయరు అడిగే ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పాలి. ఓపిక, రాతలో జాగ్రత్త ఉన్న పిల్లలకు ఇది బాగా నప్పే పని. ఆడపిల్లలకు ఇందులో అడ్డేమీ లేదు.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. ఫోరెన్సిక్ ల్యాబ్ అంటే అంతా ఒకే గది, ఒకే పని కాదు. టాక్సికాలజీ (విషాల పరీక్ష), కెమిస్ట్రీ, బయాలజీ, డీఎన్ఏ, ఫిజిక్స్, బాలిస్టిక్స్ (తుపాకులు, తూటాల పరీక్ష), డాక్యుమెంట్లు, సైబర్ అని విభాగాలుంటాయి. పోస్టులు కూడా విభాగాల వారీగానే పడతాయి. కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబుల్లో పోస్టులకు యూపీఎస్సీ ఇచ్చే ప్రకటనలు చూడండి. కెమిస్ట్రీ విభాగమైతే కెమిస్ట్రీలో పీజీ అడుగుతారు. ఫోరెన్సిక్ సైన్స్‌లో పీజీ చేసినవాళ్లకూ అవకాశం ఇస్తారు కానీ, డిగ్రీలో కెమిస్ట్రీ ఒక సబ్జెక్టుగా చదివి ఉండాలని పక్కనే షరతు పెడతారు. చాలామంది పిల్లలు ఆ షరతు చదివేది చేతిలో డిగ్రీ పట్టా పడ్డాకే. మార్కుల జాబితాలో అన్నీ 'ఇంట్రడక్షన్ టు క్రిమినాలజీ' తరహా పేపర్లే ఉంటే అప్పుడు చేసేదేమీ ఉండదు.

కాబట్టి నా ఓటు దగ్గర్లోనే కెమిస్ట్రీ ప్రధానంగా బీఎస్సీ చేయించడానికే. కర్నూలులో ఆడపిల్లలకు కేవీఆర్ ప్రభుత్వ కాలేజీ ఉంది. డిగ్రీ సీట్లకు ఓఏఎండీసీ వెబ్ కౌన్సెలింగ్ తేదీలు చూస్తూ ఉండండి. ఆ తర్వాత పీజీలో ఫోరెన్సిక్‌కు మారొచ్చు. ఉస్మానియాలో ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ సైన్స్ ఉంది, కాకపోతే అది తెలంగాణ కాబట్టి స్థానికత నిబంధనలు ముందే కనుక్కోవాలి. ఈ దారిలో ఇంకో లాభం ఉంది. ఫోరెన్సిక్ పోస్టులు ఏటా పడవు. కెమిస్ట్రీ చేతిలో ఉంటే హైదరాబాద్ ఫార్మా కంపెనీల క్వాలిటీ కంట్రోల్‌లో చేరొచ్చు, బీఈడీ చేసి టీచరూ కావచ్చు. ఇంటి ఖర్చు చూసుకునే మీలాంటి వాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఫోరెన్సిక్‌లోనే నేరుగా చేరాలని పాప గట్టిగా అంటే ఒక్క చోటుకు మాత్రం నేను సరేనంటాను. గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ. 2020లో పార్లమెంటు చట్టంతో జాతీయ హోదా వచ్చింది. అక్కడ ఐదేళ్ల బీఎస్సీ-ఎమ్మెస్సీ కోర్సు ఉంది, ఎన్‌ఫ్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ధార్వాడ్‌లోనూ వీళ్లకు క్యాంపస్ ఉంది, మీకు గుంతకల్లు మీదుగా రైలు దారే. ఏ క్యాంపస్‌లో ఏ కోర్సు నడుస్తోందో మాత్రం ఆ ఏటి బ్రోచర్లో చూసుకోవాలి.

'కొత్త చట్టం వచ్చింది, ఇక ఉద్యోగాలే ఉద్యోగాలు' అని ఆ ఫోన్ల వాళ్లు చెప్పే ఉంటారు. సగం నిజం. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (నేర దర్యాప్తు, విచారణ పద్ధతుల చట్టం) 176(3) సెక్షన్ ప్రకారం, ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరం జరిగిన చోటికి వెళ్లి ఆధారాలు సేకరించాలి. దీన్ని అమల్లోకి తేవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల వరకు వెసులుబాటు ఇచ్చారు. అంటే మనుషుల అవసరం పెరుగుతుంది, అది ఖాయం. కానీ పోస్టులు మంజూరై, నోటిఫికేషన్ వచ్చి, భర్తీ అయ్యేసరికి ఎంత కాలం పడుతుందో ప్రభుత్వ ఉద్యోగాల సంగతి తెలిసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. మీ జిల్లాలో కనిపించే క్లూస్ టీంను చూసి కూడా లెక్కలేసుకోకండి, అందులోని వేలిముద్రల విభాగం పోలీసు శాఖ నియామకాల కిందికొస్తుంది.

ఇదంతా విన్నాక కూడా మనసు బెంగళూరు మీదే ఉంటే, ఫోన్‌లో మాట్లాడే కౌన్సెలర్‌తో కాకుండా పాపను తీసుకుని ఒకరోజు నేరుగా వెళ్లండి. మూడేళ్ల సిలబస్ కాగితం చేతిలో పట్టుకుని, ప్రతి సెమిస్టర్‌లో కెమిస్ట్రీ గానీ బయాలజీ గానీ ఆ పేరుతోనే ఉందా అని చూడండి. తూటాలను పోల్చి చూసే కంపారిజన్ మైక్రోస్కోపు, గ్యాస్ క్రోమటోగ్రఫీ యంత్రం చూపించమనండి. చూపిస్తే, దాని లాగ్ బుక్ తెరిపించి చివరిసారి ఎప్పుడు వాడారో తేదీ చూడండి. ఫైనలియర్ పిల్లలు కారిడార్లో కనిపిస్తారు, వాళ్ల సీనియర్లు ఇప్పుడెక్కడ పనిచేస్తున్నారో పాపనే అడగమనండి.