రెండు అగ్రిమెంట్ల నడుమ: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నవల ముసాయిదా మొత్తం చదివానమ్మా. ఇందులో రెండు నవలలున్నాయి. ఒకటి గచ్చిబౌలి కంపెనీలో జరిగే మోసం. రెండోది ఆ కంపెనీలో చేరడానికి కాకినాడ నుంచి వచ్చిన అమ్మాయి, నీ నాయిక, కొండాపూర్‌లో ఇల్లు వెతుక్కోవడం. థ్రిల్లర్‌కి బ్రోకర్ల గోల అడ్డమని, ఆ అధ్యాయాలు తీసెయ్యమని స్నేహితులు సలహా ఇచ్చారన్నావు. ఆ పని చెయ్యకు. ఆ అధ్యాయాల్లోనే నీ వాక్యానికి ప్రాణముంది. తీసెయ్యాల్సింది పన్నెండో అధ్యాయం. అర్ధరాత్రి సర్వర్ రూములో దూరి, మూడో ప్రయత్నంలో పాస్‌వర్డ్ కనిపెట్టి, ‘సీక్రెట్’ అని పేరున్న ఫోల్డర్ తెరవడం. మోసం చేసేవాడు ఫోల్డర్‌కి ఆ పేరు పెట్టడు. దాన్ని ‘గెస్ట్ హౌస్ రెంట్’ అనే ఖాతాలో, అందరూ చూసేచోటే ఉంచుతాడు.

మన హైదరాబాదులో సంచలనం రేపిన కార్పొరేట్ మోసం గుర్తు చేసుకో. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అనే ఐటీ కంపెనీ ఛైర్మన్ బోర్డుకి రాసిన ఉత్తరంలో ఒప్పుకున్నదేమిటి? పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవని. 2008 సెప్టెంబరు త్రైమాసికంలో ఆదాయంలో 24 శాతంగా చూపిన నిర్వహణ లాభం అసలు 3 శాతమేనని. తుపాకీ పేలలేదు, ఎవరూ సర్వర్ పగలగొట్టలేదు. దొంగ ఇన్వాయిసులు, దొంగ డిపాజిట్ కాగితాలు, వాటిని సరిగ్గా చూడని కళ్లు, అంతే. ఇండియన్ కార్పొరేట్ థ్రిల్లర్ రాయడమంటే కాగితం ఎలా పుడుతుంది, ఎవరి సంతకంతో నడుస్తుంది, ఎక్కడ ఆగుతుంది అన్నది రాయడం. అద్దె ఇంటి కథ కూడా కాగితం కథే. నీ రెండు నవలల్ని కలిపే ముడి అక్కడుంది.

ఎలా కలపాలో లెక్కతో చెబుతాను. నీ కంపెనీ, ప్రాజెక్టుల మీద వచ్చే ఉద్యోగుల కోసం 40 ఫ్లాట్లు అద్దెకి తీసుకుందనుకో. ఓనర్లలో చాలామంది అమెరికాలో ఉంటారు. తాళాలు బ్రోకర్ దగ్గర, నమ్మకమూ బ్రోకర్ మీదే. డాలస్‌లో ఉన్న ఓనర్‌తో బ్రోకర్ తెచ్చిన ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఒక అగ్రిమెంటు రాసుకుంటుంది, నెలకి 30,000. అదే ఫ్లాట్‌ని ఆ మధ్య కంపెనీ నీ ఐటీ కంపెనీకి 48,000కి ఇస్తుంది. తేడా 18,000. నలభై ఫ్లాట్లు, పన్నెండు నెలలు: 86 లక్షల 40 వేలు. దీనికి తోడు ప్రతి పదకొండు నెలలకీ రెన్యువల్ పేరుతో ఒక నెల అద్దె బ్రోకరేజీ అంటే 40 ఫ్లాట్ల మీద ఇంకో 19 లక్షల 20 వేలు. మొత్తం కోటీ 5 లక్షల 60 వేలు. ఆ మధ్య కంపెనీ డైరెక్టరు ఎవరో కాదు, నీ ఐటీ కంపెనీ అడ్మిన్ హెడ్ బావమరిది.

కోటి అన్న అంకె ఊరికే ఎంచుకోలేదు. 2013 కంపెనీల చట్టం 143(12) ప్రకారం, ఉద్యోగులో అధికారులో కంపెనీని కోటి రూపాయలు, అంతకు మించి మోసం చేశారని స్టాట్యుటరీ ఆడిటర్‌కి, అంటే చట్టం ప్రకారం కంపెనీ లెక్కలు తనిఖీ చేసేవాడికి, తగిన కారణంతో అనిపిస్తే కేంద్ర ప్రభుత్వానికి చెప్పి తీరాలి. తెలిసిన రెండు రోజుల్లో బోర్డుకో ఆడిట్ కమిటీకో రాయాలి. వాళ్ల జవాబుకి 45 రోజులు. జవాబు వచ్చాక 15 రోజుల్లో ఏడీటీ-4 ఫారంలో కేంద్రానికి. జవాబు రాకపోయినా పంపాల్సిందే. కోటి లోపైతే కేంద్రానికి పంపక్కర్లేదు, బోర్డుకో ఆడిట్ కమిటీకో చెబితే సరిపోతుంది. కాబట్టి ఏ ఏడాది లెక్క ఆ ఏడాది కోటి లోపుంటే చాలనుకుని నీ విలన్, ఆ అడ్మిన్ హెడ్, ఇన్నేళ్లూ అద్దె తేడా 86 లక్షల దగ్గరే ఆపుకున్నాడు. అత్యాశకి పోయి బ్రోకరేజీ కలిపిన ఏడాది గీత దాటాడు. ఇక నవలలో టైమ్ బాంబు అక్కర్లేదు, ఆ 45 రోజులున్నాయి. ఆ రోజుల్లోనే ఫైళ్లు మాయమవుతాయి, పాత తేదీలతో కాగితాలు పుడతాయి, నాయికని వేరే ప్రాజెక్టుకి మారుస్తారు. అధ్యాయాలకి శీర్షికలుగా రోజుల సంఖ్యే పెట్టు.

యాదృచ్ఛికం గురించి ఒక మాట. నాయిక అద్దెకి దిగిన ఫ్లాటే మధ్య కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు, అంటే ప్రభుత్వ రికార్డుల్లో దాని అధికారిక చిరునామా, కావడం మంచి ఆలోచన. నువ్వు దాన్ని విధికి వదిలేశావు. పాఠకుడు ఒప్పుకోడు. కారణం పక్కనే ఉంది: కొత్తగా చేరినవాళ్లకి కంపెనీ పదిహేను రోజులు గెస్ట్ హౌస్ ఇస్తుంది, ఆ తర్వాత అడ్మిన్ విభాగమే ‘మనకి తెలిసిన బ్రోకర్’ అని ఒక నంబరిస్తుంది. ఆ బ్రోకర్ చేతిలో ఉన్నవే ఆ నలభై ఫ్లాట్లు. ఆ నెల ఒకటి ఖాళీ అయింది, ఆమెకి చూపించాడు. ఇప్పుడది యాదృచ్ఛికం కాదు, బ్రోకర్ పొదుపు.

ఇక ఆధారాలు. ఇక్కడ నువ్వు ఎంత సూక్ష్మంగా ఉంటే పాఠకుడు అంత భయపడతాడు. కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు చూపాలంటే అద్దె అగ్రిమెంటు, ఓనర్ అనుమతి పత్రం, రెండు నెలలకి మించి పాతబడని కరెంటు బిల్లు లాంటిదొకటి కావాలి. ఓనర్ డాలస్‌లో ఉండగా అనుమతి పత్రం మీద హైదరాబాదులో సంతకం ఎలా పడింది? చట్టం ప్రకారం ఆ చిరునామా బయట కంపెనీ పేరు బోర్డు ఉండాలి, స్థానిక భాషలో కూడా. నీ నాయిక గుమ్మం పక్కన నాలుగు మేకుల గుర్తులు, వాటి మధ్య వెలిసిపోని రంగు నలుచదరంగా కనపడాలి. ఆ గోడని మొదటి రోజే చూపించు, ఏమీ చెప్పకు. మీటర్ బాక్సులో ఎవరో పెట్టిన ఉత్తరం, ఆమెకి తెలియని కంపెనీ పేరుతో, ఇరవయ్యో పేజీలో రానీ. మరచిపోయే టైము ఇచ్చి, ఇంటర్నల్ ఆడిట్ శాంపిల్‌గా తీసిన ఐదు అగ్రిమెంట్లలో ఒకదాని మీద తన ఫ్లాటు నంబరు ఆమె కంటపడనీ.

స్టాంపు కాగితాన్ని చేతిలోకి తీసుకుని చూడు. దాని మీద వెండర్ సీరియల్ నంబరు, అమ్మిన తేదీ, కొన్నవారి పేరు రాస్తాడు. అగ్రిమెంటులో ఏప్రిల్ 1 అని ఉండి, స్టాంపు జూన్‌లో కొన్నదైతే కాగితం వెనక తేదీతో పుట్టినట్టే. జీఎస్టీ నంబరులో పదిహేను అక్షరాలు: మొదటి రెండంకెలు రాష్ట్రం, తెలంగాణకి 36, ఆంధ్రప్రదేశ్‌కి 37. తర్వాతి పదీ పాన్ నంబరే. పాన్‌లో నాలుగో అక్షరం పి అయితే వ్యక్తి, సి అయితే కంపెనీ. ఐదో అక్షరం, వ్యక్తికైతే ఇంటిపేరు మొదటి అక్షరం. మనవాళ్లు ఫారంలో ఇంటిపేరూ సొంత పేరూ తారుమారుగా నింపడం మామూలే కాబట్టి దాన్ని అనుమానానికి వాడు, రుజువుకి వాడకు. హౌస్‌కీపింగ్ సంస్థ, క్యాబ్ సంస్థ పేర్లు వేరైనా జీఎస్టీ నంబర్లలో ఒకే పాన్ ఉండటం నాయిక కంటికి తగిలితే అదొక అధ్యాయానికి సరిపోతుంది. సేవల బిల్లుల్లో మోసం సులభమెందుకంటే, కుర్చీ కొంటే స్టోరులో కుర్చీ ఉండాలి. ఊడ్చిన నేలకీ తిరిగిన క్యాబుకీ తర్వాత సాక్ష్యం ఉండదు.

డాలస్ ఓనర్ దగ్గర ఒక మంచి సన్నివేశం దాగుంది. ఓనర్ ఎన్ఆర్ఐ అయితే అద్దె ఎంత తక్కువైనా కట్టేవాళ్లు పన్ను కోసుకోవాలి, మామూలుగా 31.2 శాతం. అంటే 30,000లో 9,360 పోయి ఆయన ఖాతాలో 20,640 పడాలి. మూడేళ్లుగా పూర్తి ముప్ఫై వేలు పడుతున్నాయని ఆయన ఫోనులో సంతోషంగా చెబుతాడు. ఆ సంతోషమే నాయికకి సాక్ష్యం. ఆయన్ని దొంగని చెయ్యకు. సొంత ఊళ్లో ఇల్లుండాలని కొనుక్కున్న మనిషి, తన గోడల మధ్య ఏం జరుగుతోందో తెలియని మనిషి.

తేదీలు తప్పితే తెలిసిన పాఠకుడు పుస్తకం మూసేస్తాడు. నీ కథ 2018లో మొదలైంది, అందులో శనివారం అర్ధరాత్రి నెఫ్ట్‌లో (బ్యాంకు నుంచి బ్యాంకుకి డబ్బు పంపే పద్ధతి) డబ్బు వెళ్లింది. నెఫ్ట్ ఇరవై నాలుగు గంటలూ నడవడం మొదలైంది 2019 డిసెంబరు 16న, పెద్ద మొత్తాలు పంపే ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబరు 14న. 2017 మార్చి నాటి ఇన్వాయిసు మీద జీఎస్టీ నంబరు పెట్టావు. జీఎస్టీ వచ్చింది అదే ఏడాది జులై 1న. నువ్వు పొరపాటున పెట్టావు, కానీ అది విలన్ పొరపాటైతే బ్రహ్మాండమైన ఆధారం, ఉంచు. చివర్లో ఎఫ్ఐఆర్‌లో 420 సెక్షను రాశావు. 2024 జులై 1 నుంచి జరిగిన నేరమైతే భారతీయ న్యాయ సంహితలో 318 అవుతుంది. మనుషులు మాటల్లో ఫోర్ ట్వంటీ అనే అంటారు, సంభాషణ మార్చకు. షేరు ఒక్క రోజులో 70 శాతం పడిపోయిందన్నావు. సత్యం షేరు ఒక్క రోజులో సుమారు 78 శాతం పడింది, నిజమే, అది డెరివేటివ్స్‌లో (ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో) ఉన్న షేరు కాబట్టి ఒక్క రోజులో ఇంతకి మించి పడకూడదన్న స్థిరమైన హద్దు, అంటే సర్క్యూట్, దానికి లేదు. నీ కంపెనీ చిన్నది. 20 శాతం దగ్గర ఆగిపోతుంది, మర్నాడు మళ్లీ అంతే, అమ్ముకోవాలన్నా కొనేవాడుండడు. నాకైతే ఈ నెమ్మదైన పతనమే ఎక్కువ భయంకరంగా తోస్తుంది.

ఇప్పుడు బ్రోకర్. మొదటి ముసాయిదాలో అతను వంకర నవ్వు నవ్వే మోసగాడు. కోపంతో రాశావని తెలుస్తోంది. ఇల్లు వెతికిన ఏ ఒంటరి ఆడపిల్లకైనా ఆ కోపం న్యాయమే: ‘ఫ్యామిలీకే’ అన్న షరతు, కులం అడగడానికి ‘మీరేమిట్లు’ అన్న ప్రశ్న, ఫోటోలో ఉన్న ఇల్లు ఇప్పుడే పోయిందంటూ వేరేది చూపించడం, ఇల్లు చూపకుండానే టోకెన్ అడ్వాన్స్, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోత. ఇవన్నీ ఉంచు. అయితే అతని లెక్క కూడా రాయి. ఒకే ఫ్లాటుని నలుగురు బ్రోకర్లు చూపిస్తుంటారు. తాళం చెవి వాచ్‌మన్ దగ్గర, అతనికి వాటా. కబురు తెచ్చిన ఇంకో బ్రోకర్‌కి సగం. రోజుకి ఆరిళ్లు చూపించి, పెట్రోలు పోసుకుని, నెలకి రెండు కుదిరితే గొప్ప. జీతం లేదు, లైసెన్సూ లేదు. 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం కింద రిజిస్టరు కావలసింది అమ్మకాల ఏజెంట్లే, అద్దెలకి ఆ నిర్బంధం లేదు. అందుకే అద్దెకున్నవాళ్లు స్థిరంగా ఉంటే అతనికి నష్టం, పదకొండు నెలలకోసారి మారితే లాభం. ఆ పదకొండుకి కారణమూ చెప్పు: 1908 రిజిస్ట్రేషన్ చట్టం మూల పాఠం ప్రకారం ఏడాదికి మించిన లీజునే రిజిస్టరు చేయాలి, ఆ ఖర్చు తప్పించుకోవడానికి వచ్చిన అలవాటు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 సవరణతో అన్ని లీజులకీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయినా ఆ అలవాటు పోలేదు. నీ రెండో భాగం ముంబయికి వెళుతుంది. అక్కడా ఈ పదకొండు నెలల ఉపాయం చెల్లదు, 1999 నాటి మహారాష్ట్ర అద్దెల చట్టం ప్రకారం లీవ్ అండ్ లైసెన్స్ అనే అద్దె ఒప్పందం ఎన్ని నెలలదైనా రిజిస్టరు కావాల్సిందే.

ఇలాంటి మనిషికి అడ్మిన్ హెడ్ నలభై ఫ్లాట్లు ఒక్కసారి ఇస్తానంటే? మోసంలోకి అలా వస్తాడు. అతని బ్యాగులో ప్రతి ఫ్లాటుకీ రెండు అగ్రిమెంట్లుంటాయి, ముప్ఫై వేలది, నలభై ఎనిమిది వేలది. చట్టానికి కావలసిన రుజువంతా ఆ రెక్సిన్ బ్యాగులో ఉంది. నాయిక సర్వర్‌తో కాదు, ఈ మనిషితో తలపడాలి. పతాక సన్నివేశం బోర్డురూములో వద్దమ్మా, టీ కొట్టు దగ్గర పెట్టు. ఆ బ్యాగు ఆమెకి అతను ఎందుకిస్తాడు అన్న ప్రశ్నకి జవాబు దొరికితే నవల దొరికినట్టే. బెదిరింపుకి ఇస్తే సాదాగా ఉంటుంది. సంతకాలన్నీ బ్రోకర్‌వే అని చెప్పి అడ్మిన్ హెడ్ తప్పుకోబోతున్నాడని నాయిక కాగితం మీద చూపించి, బ్రోకర్ అది చదువుకుని, కాసేపు మాట్లాడకుండా ఇస్తే నేను నమ్ముతాను.

నాయిక భయం కూడా సరిచూడు. ఆమెని చంపడానికి లారీ పంపావు. ఉద్యోగికి అంతకంటే దగ్గరి భయాలున్నాయి: తొంభై రోజుల నోటీసు పీరియడ్, ఇవ్వని రిలీవింగ్ లెటర్, అప్రైజల్‌లో ఒక చెడ్డ మాట, ఇంటికి ఈఎంఐ కట్టే తండ్రి. ఇల్లు కూడా విలన్‌కి పనిచేసే బ్రోకర్ చేతిలోనే ఉంది కాబట్టి, ఆదివారం పొద్దున్నే ‘ఓనర్‌గారి అబ్బాయి వస్తున్నాడట, నెలాఖరుకి ఖాళీ చెయ్యండి’ అన్న ఫోను చాలు. ఉద్యోగమూ ఇల్లూ ఒకే చేతిలో ఇరుక్కున్నాయని ఆమెకి ఆ క్షణం తెలియాలి.

కంపెనీ పేరు, లోగో, క్యాంపస్ వర్ణన ఏ నిజమైన సంస్థనీ తలపించకుండా మార్చు.

రెండో ముసాయిదా మొదలుపెట్టే ముందు మూడు పనులు చెయ్యి. కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో వంద రూపాయలు కట్టి, ఏదైనా చిన్న ప్రైవేట్ కంపెనీ దాఖలు చేసిన కాగితాలు చదువు. డైరెక్టర్ల పేర్లు, తండ్రి పేర్లు, చిరునామా ఏ పత్రంలో ఎక్కడ ఉంటాయో చూడు, నాయిక బావమరిదిని పట్టుకునేది అక్కడే. నీ సొంత అద్దె అగ్రిమెంటు స్టాంపు నుంచి సాక్షుల సంతకాల దాకా అక్షరం వదలకుండా కాపీ చెయ్యి. పెద్ద చార్టు మీద ఒక గీత గీసి, 2017 నుంచి కథ ముగిసే రోజు దాకా ప్రతి కాగితం పుట్టిన తేదీ, దాని మీద రాసిన తేదీ పక్కపక్కన పెట్టు. ఆ రెండూ కలవని చోటల్లా ఎర్ర సిరాతో గుండ్రంగా చుట్టు. ఆ చార్టు ఫోటో, మొదటి ఐదు అధ్యాయాలు సంక్రాంతి లోపు పంపు.