స్పీడు కార్లకు రీసేల్ ఎందుకు ఉండదు?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: 2014లో ఆన్‌రోడ్ 40 లక్షలు పెట్టి జర్మన్ డీజిల్ సెడాన్ కొన్నాం. తిరిగింది 78 వేల కిలోమీటర్లే. గీత కూడా పడలేదు. అమ్ముదామంటే బేరం 8 లక్షల దగ్గర మొదలవుతోంది. అదే ఏడాది మా బావగారు కొన్న ఇన్నోవా రెండున్నర లక్షల కిలోమీటర్లు తిరిగినా దాదాపు అంతే పలుకుతోంది. ఇదెక్కడి లెక్క?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: లెక్క సరైనదే, మింగుడుపడదంతే. మీ కారు కొనేవాడు దాని ధర ఒక్కటే చూడడు. కొన్న తర్వాత వచ్చే మొదటి పెద్ద బిల్లును కూడా మనసులో కలుపుకుంటాడు. కారు 40 లక్షల నుంచి 8 లక్షలకు దిగింది కానీ దాని టర్బో, హెడ్‌లైటు, గేర్‌బాక్స్ ఇంకా 40 లక్షల కారువే. లక్షన్నర బిల్లు వచ్చిందనుకోండి. కొత్తలో మీకు అది కారు ధరలో నాలుగు శాతం కూడా కాదు. ఇప్పుడు కొనేవాడికి దాదాపు ఐదో వంతు. ఆ భయాన్ని అతను ముందే ధరలో కోసేస్తాడు.

మీరు పెట్టిన 40 లక్షల్లో లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలిపి ఐదారు లక్షలు మొదటి రోజే పోయాయి. అవి ఏ కారుకైనా తిరిగి రావు, కారు ఖరీదయ్యేకొద్దీ ఆ ముక్క పెద్దదవుతుంది. ఇక ఇన్సూరెన్స్ వాళ్ల ఐడీవీ (కారుకు వాళ్లు కట్టే విలువ) లెక్క చూడండి: ఆరు నెలల లోపు 5 శాతం తరుగు, ఏడాది లోపు 15, రెండేళ్లకు 20, మూడేళ్లకు 30, నాలుగేళ్లకు 40, ఐదేళ్లకు 50. ఆపైన కంపెనీ, ఓనరు మాట్లాడుకున్నంత. ఐదు నుంచి ఏడేళ్లు దాటితే బంపర్ టు బంపర్ (పార్టుల తరుగు కోయని) పాలసీ దొరకడమే కష్టం. అంటే చిన్న గుద్దుకు కూడా బంపర్, హెడ్‌లైటు ఖర్చులో పెద్ద భాగం జేబులోంచే. పన్నెండేళ్ల కారుకు బ్యాంకు లోను ఇవ్వడానికీ వెనకాడుతుంది. కాబట్టి మీ బండి కొనేది నగదు చేతిలో ఉన్నవాడే. అలాంటివాళ్లు తక్కువమంది, బేరం గట్టిగా ఆడతారు.

మీ కారు ఏ కంపెనీదో రాయలేదు. బీఎండబ్ల్యూ అయితే మరో సంగతి ఉంది. ఆ కంపెనీ ఎన్47 డీజిల్ ఇంజిన్‌లో వాల్వులను నడిపే టైమింగ్ చైను ముందువైపు ఉండదు, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. అది సాగితే గేర్‌బాక్స్ దించాలి, లేదా ఇంజినే దించాలి. చెడ్డపేరు 2007–2011 మధ్య తయారైన వాటిదే అయినా, మార్కెట్లో ఎవరూ ఏడాది చూసి భయపడరు, పేరు చూసి భయపడతారు. ఆ కార్లలో వచ్చే జడ్‌ఎఫ్ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌కు ఆయిల్ మార్చనక్కర్లేదని కారు కంపెనీ అంటుంది. గేర్‌బాక్స్ తయారుచేసిన జడ్‌ఎఫ్ మాత్రం 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. చాలా మోడళ్లలో ఫిల్టరు ప్లాస్టిక్ ఆయిల్ పాన్‌లోనే కలిసి ఉంటుంది కాబట్టి పాన్ మొత్తం మార్చాలి. 78 వేల దగ్గర మీ బండి సరిగ్గా ఆ గడపలో ఉంది. ఆ పని చేయించిన బిల్లు చూపించగలిగితే బేరంలో మీ మాటకు బరువు వస్తుంది.

తక్కువ తిరగడం కూడా మీరనుకున్నంత లాభం కాదు. పన్నెండేళ్లలో సస్పెన్షన్ బుష్‌లు, కూలెంట్ గొట్టాలు, ఇంజిన్ మౌంట్లు తిరిగినా తిరగకపోయినా గట్టిపడి పగులుతాయి. ఇన్నోవాకూ ఇదే జరుగుతుంది. తేడా ఏమిటంటే దాన్ని ఏ మండల కేంద్రంలోని షెడ్డులోనైనా విప్పి బిగించేస్తారు, సామాను మర్నాటికి దొరుకుతుంది, ట్రావెల్స్ వాళ్లు ఎప్పుడూ కొనడానికి సిద్ధంగా ఉంటారు.

ప్రశ్న: 2014 పోలో జీటీ టీఎస్‌ఐ తక్కువకి వస్తోంది. నడిపితే అద్భుతంగా ఉంది. కొనొచ్చా? డీఎస్‌జీ అంటే మా మెకానిక్ చేతులెత్తేస్తున్నాడు.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: తక్కువకి వస్తున్నది ఆ మెకానిక్ చేతులెత్తేస్తున్నందుకే. 1.2 లీటర్ల టర్బో పెట్రోల్, 105 పీఎస్, 175 న్యూటన్ మీటర్లు, ఏడు గేర్ల డీక్యూ200 ఆటోమేటిక్ గేర్‌బాక్స్ (డీఎస్‌జీలో ఒక రకం). ఇందులో రెండు పొడి క్లచ్‌లుంటాయి. 1, 3, 5, 7 గేర్లు ఒకదానివి, 2, 4, 6, రివర్స్ రెండోదానివి. ఖాళీ రోడ్డు మీద బంగారం. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా సాయంత్రం ఆరింటికి అంగుళం అంగుళం పాకించారా, మొదటి గేరు క్లచ్ జారుతూ వేడెక్కి అరిగిపోతుంది. చల్లబరచడానికి చుట్టూ ఆయిల్ ఉండదు.

రెండో జబ్బు మెకాట్రానిక్‌ది. గేర్లు మార్చే హైడ్రాలిక్ పంపు, వాల్వులు, కంప్యూటరు అన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి. పంపు కొట్టిన ప్రెషర్‌ను నిలవ ఉంచే అక్యుములేటర్ బిగించిన చోట అల్యూమినియం పగిలితే ప్రెషర్ కారిపోతుంది. పంపు ఆగకుండా తిరుగుతుంది, చివరికి గేర్లు పడవు. కారు కంప్యూటరులోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్‌లో పీ17బీఎఫ్ కోడ్ కనిపిస్తే అనుమానించాల్సింది దీన్నే. వేడి, తేమ ఉన్న దేశాల్లో సింథటిక్ ఆయిల్ వల్ల లోపల కరెంటు సమస్యలు వస్తున్నాయని 2013 నవంబరులో ఫోక్స్‌వ్యాగన్ ప్రపంచవ్యాప్తంగా 16 లక్షల కార్లను పిలిచి దాని బదులు మినరల్ ఆయిల్ పోసింది. మీరు చూస్తున్న బండికి గేర్‌బాక్స్ మీద ఏ పని జరిగిందో ఛాసిస్ నంబరిచ్చి సర్వీసు చరిత్రలో అడగండి.

చూడటానికి వెళ్లేముందు బండి స్టార్ట్ చేసి ఉంచొద్దని అమ్మేవాళ్లకు చెప్పండి. ఇంజిన్ చల్లగా ఉండాలి. డ్రైవర్ తలుపు తీయగానే పంపు రెండు మూడు సెకన్లు గుయ్యిమని ఆగుతుంది, అది మామూలే. బండి నిలబడి ఉండగా కొద్ది సెకన్లకోసారి మళ్లీ మళ్లీ మోగితే ప్రెషర్ నిలవడం లేదని అర్థం. డీలో వేసి బ్రేకు మెల్లగా వదలండి. వణుకు లేకుండా ముందుకు పాకాలి. తర్వాత అరగంట ట్రాఫిక్‌లోనే తిప్పండి. 1 నుంచి 2కు మారేటప్పుడు గజగజలాడితే క్లచ్ అయిపోయినట్టే. ఫ్లైఓవర్ ర్యాంపు లాంటి ఎత్తు మీద రివర్స్‌లో నెమ్మదిగా ఎక్కించి చూడండి. అప్పుడు స్కానర్ పెట్టించండి, ముందు కాదు. పాత కోడ్‌లను ఉదయమే చెరిపేసి ఉంటే వేడెక్కాక కొన్ని తిరిగొస్తాయి.

క్లచ్ ప్యాక్, మెకాట్రానిక్ రెండూ మార్చాల్సి వస్తే రెండు లక్షల దరిదాపులకు పోతుంది. ఆ డబ్బు పక్కన పెట్టుకోగలిగితే కొనండి. బండి ధరతోనే జేబు ఖాళీ అయ్యేట్టయితే వద్దు. 2020లో వచ్చిన 1.0 లీటర్ జీటీకి ఆరు గేర్ల మామూలు టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ ఇచ్చారు. పేరు అదే, కానీ దానికి ధర నిలబడటానికి గేర్‌బాక్సే పెద్ద కారణం.

ప్రశ్న: స్టేజ్ 1 రీమ్యాప్ (పవర్ పెంచే సాఫ్ట్‌వేర్ మార్పు), ఎగ్జాస్ట్ కలిపి లక్ష దాకా పెట్టాను. 1.8 టీఎస్‌ఐ ఆక్టేవియా. అమ్మేటప్పుడు ఆ డబ్బు రాబట్టొచ్చా?
– వరంగల్

జవాబు: రాదు. ఎదురు తగ్గించి అడుగుతారు. మీ బండిలో ఉన్నదీ డీక్యూ200నే. దాని హద్దు 250 న్యూటన్ మీటర్లు. ఆ 1.8 ఇంజిన్ కంపెనీ నుంచి వచ్చేటప్పుడే 250 ఇస్తుంది. గేర్‌బాక్స్‌కు ఊపిరి పీల్చుకునే సందు కూడా లేని చోట మీరు ఇంకా బరువు పెట్టారు. తెలిసిన కొనుగోలుదారు ఈ లెక్క వేస్తాడు, తెలియనివాడు సైలెన్సర్ చప్పుడుకే జడుస్తాడు. ఇన్సూరెన్స్‌కు చెప్పకుండా చేయించి ఉంటే క్లెయిమ్ దగ్గరా ఇబ్బందే. పాత ఎగ్జాస్ట్ దాచి ఉంటే బిగించేయండి, ఒరిజినల్ సాఫ్ట్‌వేర్ వేయించండి, తీసిన పార్టులు విడిగా అమ్ముకోండి. రీమ్యాప్‌తో నడిచిందన్న సంగతి మాత్రం కొనేవాళ్లకు చెప్పండి. ఎలాగూ ఇంజిన్ కంప్యూటరు (ఈసీయూ)లో ఎన్నిసార్లు ఫ్లాష్ చేశారో లెక్క ఉంటుంది.

ప్రశ్న: ఢిల్లీలో లగ్జరీ డీజిల్ కార్లు ఇక్కడి ధరలో సగానికే దొరుకుతున్నాయని మా స్నేహితులు తెచ్చుకుంటున్నారు. నిజంగా లాభమా?
– విజయవాడ

జవాబు: అక్కడ చవకకు కారణం కారులో లేదు, తారీఖులో ఉంది. పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లు తిరగకూడదన్న ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రైబ్యునల్) ఆదేశాలను 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2025 ఆగస్టులో వయసు ఒక్కటే చూసి కఠిన చర్యలు వద్దని ఆదేశించి, డిసెంబరులో ఆ ఊరటను బీఎస్-4 కాలుష్య ప్రమాణం, ఆపై బండ్లకే పరిమితం చేసింది. ఇలా అటూ ఇటూ ఊగే నిబంధన ఉన్న ఊళ్లో తొమ్మిదేళ్ల డీజిల్ కారును ఎవరూ దాచుకోరు.

ఇక్కడికి తెచ్చాక లెక్క మారుతుంది. అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ కావాలి. లోను ఉండి ఉంటే ఫారం 35తో హైపోథికేషన్ (ఆర్‌సీలో బ్యాంకు పేరు) తీసేయాలి. యాజమాన్యం మార్పుకు 29, 30 ఫారాలు. పెండింగ్ చలానాలన్నీ కట్టించాలి. వేరే రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఇక్కడి నంబరు తీసుకోవాల్సిందే. అప్పుడు లైఫ్ ట్యాక్స్ పడుతుంది. దాని లెక్క మొదలయ్యేది మీరు కొన్న ధర నుంచి కాదు, కొత్తలో ఉన్న ఇన్‌వాయిస్ ధర నుంచి. వయసును బట్టి తగ్గించినా 50 లక్షల కారుకు అది గట్టి మొత్తమే. బేరం కుదుర్చుకోకముందే ఆ ఇన్‌వాయిస్ కాపీ తెప్పించి ఆర్టీఏ ఆఫీసులో లెక్క వేయించుకోండి. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోవాలి, లేకపోతే సొంత డ్యామేజీకి క్లెయిమ్ రాదు.

ఢిల్లీ దాకా ఎందుకు, మీ ఊళ్లోనే ఇంకో ప్రమాదం ఉంది. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగిన బండ్లు శుభ్రం చేసి అమ్మకానికి వచ్చే అవకాశం ఉంటుంది. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, బురద గీత అక్కడ దొరుకుతుంది. సీటు పట్టాల బోల్టులకు తుప్పు, డిక్కీలో స్టెప్నీ గుంటలో మట్టి, ఫ్యూజ్ బాక్సులో పచ్చగా మారిన పిన్నులు కూడా చూడాలి. ఖరీదైన కార్లలో కంప్యూటర్లు కొన్ని సీట్ల కింద, కార్పెట్ కింద ఉంటాయి. కాబట్టి అడుగు భాగం మాత్రమే మునిగినా నష్టం పూర్తిదే.

ప్రశ్న: అబార్త్ పుంటో ఉంది. కంపెనీ దేశం వదిలి పోయింది. ఉంచుకోనా, అమ్మేయనా?
– నిజామాబాద్

జవాబు: నడపడం ఇష్టమైతే ఉంచుకోండి. 2015లో 10 లక్షల లోపు ధరకు 145 పీఎస్ ఇచ్చిన హ్యాచ్‌బ్యాక్ అది, అలాంటిది తర్వాత ఆ ధరలో రాలేదు. 2019లో ఫియట్ ఇక్కడ ఆగిపోవడంతో మామూలు కొనుగోలుదారులు పారిపోయారు, మిగిలింది అభిమానులు. అభిమానుల మార్కెట్లో మంచి బండికి ధర ఉంటుంది, అలసిన బండికి అసలు ఉండదు, మధ్యస్థం లేదు. బాడీ భాగాలు చాలావరకు మామూలు పుంటోవే, 1.4 టీ-జెట్ ఇంజిన్ ఫియట్ లినియాలోనూ వచ్చింది. అందువల్ల సామాను పూర్తిగా ఎండిపోలేదు. టైమింగ్ బెల్టు మాత్రం కిలోమీటర్లు చూడకుండా వయసు చూసి మార్పించండి. ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోవాలి.

ధర నిలబెట్టుకున్న వేగం కార్లు లేకపోలేదు. 2000–2003 నాటి హోండా సిటీ 1.5 వీటెక్ ఇప్పటికీ వెతుక్కుంటారు. టర్బో లేదు, మాన్యువల్ గేరు, పాడయ్యేదానికి పెద్దగా ఏమీ లేదు. 2020లో 200 మాత్రమే వచ్చిన ఆక్టేవియా ఆర్‌ఎస్ 245 సంగతి వేరు. దానికి గేర్‌బాక్స్ కూడా ఆయిల్‌లో తడిసే క్లచ్‌లదే.

ప్రశ్న: ఆరేళ్ల టర్బో పెట్రోల్ సెడాన్ అమ్మాలి. పెయింటు వేయించి అమ్మితే మంచిదా?
– విశాఖపట్నం

జవాబు: వేయించకండి. కొనేవాడు మందం కొలిచే మీటరు తెస్తే యాక్సిడెంట్ బండి అనుకుంటాడు. ఆ డబ్బుతో ఆయిల్ సర్వీసు, బ్యాటరీ, కూలెంట్ లీకుల పని చేయించి బిల్లులు ఫైలులో పెట్టండి. టైర్ల పక్కన నాలుగంకెల తయారీ కోడ్ ఉంటుంది, మొదటి రెండు వారం, చివరి రెండు ఏడాది. ఐదేళ్లు దాటితే బేరంలో ఎలాగూ కోస్తారు. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజినైతే ఇన్‌టేక్ వాల్వుల మీద మసి పేరుకుంటుంది. పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే పోతుంది కాబట్టి వాటిని కడగదు, పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఇంజిన్ తడబడేది అందుకే. శుభ్రం చేయించి ఆ ఫొటోలు కూడా ఫైలులో పెట్టండి.

2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ తగ్గి కొత్త కార్ల ధరలు దిగాయి కాబట్టి పాతవాటి ధరలూ కిందికి జరిగాయి. నిరుడు పక్క ఫ్లాట్ ఆయన ఎంతకు అమ్మాడో పట్టించుకోకండి. కొత్త కారు నేటి ఆన్‌రోడ్ ధర దగ్గర్నుంచి వెనక్కి లెక్కేసుకోండి. వారంటీ పొడిగింపు ఇంకా నడుస్తుంటే అది ముగియకముందే ప్రకటన ఇవ్వండి. అది మిగిలి ఉన్న ప్రతి నెలా కొనేవాడికి ఆ మొదటి పెద్ద బిల్లు భయం లేని నెలే.