యానాం నుంచి చూస్తే పౌరసత్వం, జాతి, సంస్కృతి

అమెరికాలో పుట్టిన మీ అమ్మాయి తనను అమెరికన్ అనుకోవాలా, ఇండియన్ అనుకోవాలా, తెలుగమ్మాయి అనుకోవాలా అని అడిగారు. అడిగేవారికి కావలసింది పౌరసత్వమా, పూర్వుల పుట్టుకా, ఇంటి సంస్కృతా అన్నది ముందుగా తేల్చుకుంటే, మూడింటిలో ఒకదాన్నే ఎంచుకోవలసిన అవసరం రాదని నా నమ్మకం.

నేను యానాంలో పెరిగాను. చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశే అయినా మా పాలన మాత్రం రోడ్డు మార్గాన 800 కిలోమీటర్లకు పైబడిన పుదుచ్చేరి నుంచి సాగుతుంది. కాకినాడలో చదువుకునే రోజుల్లో తోటివారు నన్ను పాండిచ్చేరివాడనేవారు; పని మీద పుదుచ్చేరి వెళితే అక్కడివారు ఆంధ్రావాడనేవారు. పుదుచ్చేరివారు నా మాట విని అన్నారు, కాకినాడవారు మా బండి మీది పీవై-04 అనే పుదుచ్చేరి రిజిస్ట్రేషన్ నంబరు చూసి అన్నారు. రెండూ నిజమే. 1954 వరకూ ఫ్రెంచి పాలనలో ఉన్న ఊరు మాది. 1962లో అప్పగింత ఒప్పందం అమల్లోకి వచ్చినప్పుడు, కోరుకున్నవారు ఫ్రెంచి పౌరులుగా కొనసాగే వీలు కల్పించారు. అలా కోరుకున్నంత మాత్రాన ఎవరి ఇంటి భాషా, పెళ్లి తంతూ మారిపోవు.

మా పక్కనున్న కోరంగి రేవు నుంచి మారిషస్ చెరకు తోటలకు వెళ్లిన తెలుగువారి సంగతి ఇంకా ఆలోచింపజేస్తుంది. అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవుదినం. అయినా ఎన్నికల కోసం ఆ దేశ రాజ్యాంగం గుర్తించిన సముదాయాలు హిందువులు, ముస్లింలు, చైనా సంతతివారు, మిగిలిన అందరినీ కలిపిన ‘సాధారణ జనాభా’ అనే నాలుగే. తెలుగువారిని హిందువులలో కలిపి లెక్కించారు. 1972 తరువాత జనగణనలో సముదాయాన్ని అడగడమే మానేశారు గాని, శాసనసభలో ఈ సముదాయాల ప్రాతినిధ్యాన్ని సరిచేయడానికి ఇచ్చే అదనపు స్థానాల పంపకానికి ఆ పాత లెక్కలనే వాడుతూ వచ్చారు.

అమెరికాలోనూ 1970 జనగణన భారతీయులను శ్వేతజాతీయులలో కలిపింది. 1980లో ‘ఆసియన్ ఇండియన్’ అనే గడి వచ్చింది. వివక్ష నుంచి చట్టపరమైన రక్షణ దక్కాలంటే తమను విడిగా లెక్కించాలని అక్కడి భారతీయ సంఘాలు పట్టుబట్టాయి. కనుక ఆ గడిని తేలికగా తీసుకోకూడదు. అయితే అది ప్రభుత్వ అవసరానికి పుట్టిన వర్గీకరణ. మీ అమ్మాయి ఇంట్లో అమ్మమ్మతో ఏ భాషలో మాట్లాడుతుందో, ఏ పండుగకు ఎదురుచూస్తుందో దానిలో కనిపించదు.

కాబట్టి మీ అమ్మాయి పౌరసత్వం అడిగినచోట అమెరికన్ అనీ, జనగణనలో ఆసియన్ ఇండియన్ అనీ, ఇంటి భాష అడిగితే తెలుగు అనీ నిస్సంకోచంగా రాయవచ్చు. వీటిలో దేన్ని ముందు చెప్పుకోవాలో పెద్దయ్యాక తనే నిర్ణయించుకుంటుంది. సెలవులకు ఇక్కడికి వచ్చినప్పుడు బంధువులెవరైనా ఆ విషయమై నిలదీస్తే, దయచేసి మీరు తన పక్షాన మాట్లాడండి.