సస్పెన్షన్ పనికి నమ్మకమైన వర్క్‌షాప్‌ని ఎలా పట్టుకోవాలి?

మీ ఐ10 గతుకుల్లో ముందు వైపు కటకటమంటోందని, షోరూమ్‌లో షాకప్స్, లోయర్ ఆర్ములు (చక్రాన్ని కింది నుంచి పట్టి ఉంచే చేతులు), స్టీరింగ్ రాక్ (స్టీరింగ్ తిప్పితే చక్రాలను తిప్పే భాగం) అన్నీ కలిపి 40 వేలకు ఎస్టిమేట్ ఇచ్చారని, బయట ఎవరిని నమ్మాలో తెలియడం లేదని రాశారు. నా అనుభవంలో తేలింది ఒకటే. సస్పెన్షన్‌లో విప్పి బిగించడం చాలామందికి వచ్చు, శబ్దం ఎక్కడ పుడుతోందో పట్టుకోవడం కొందరికే వచ్చు. మీరు వెతకాల్సింది ఆ రెండో రకం మనిషిని.

మాది విజయవాడ. మా పాత స్విఫ్ట్‌కీ ఇదే గోల వచ్చింది. ఒక సర్వీస్ సెంటర్‌లో బండి నడిపి కూడా చూడకుండానే రాక్ పోయిందన్నారు. రాక్ అంటే వేలల్లో ఖర్చు. తర్వాత ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ముందు బానెట్ ఎత్తలేదు, రేటూ చెప్పలేదు. నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, అద్దాలు దించి, ఏసీ ఆపి, షెడ్ల వెనక గుంతల దారిలో మెల్లగా తిప్పాడు. "చిన్న గతుకులకే వస్తోందా, పెద్ద స్పీడ్ బ్రేకర్‌కా? స్టీరింగ్ తిప్పినప్పుడా, తిన్నగా పోతున్నప్పుడా?" అని అడుగుతూనే ఉన్నాడు. షెడ్డుకి వచ్చాక రెండు వైపులా లింక్ రాడ్లు (స్టెబిలైజర్ బార్ అనే, మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీని సస్పెన్షన్‌కి కలిపే చిన్న రాడ్లు) విప్పి పక్కన పెట్టి, మళ్లీ అదే దారిలో నెమ్మదిగా తిప్పి చూపించాడు. శబ్దం లేదు. ఆ రెండు లింక్ రాడ్లు, స్టెబిలైజర్ బార్ బుష్‌లు (పట్టు దగ్గర ఉండే రబ్బరు ముక్కలు) మార్చడంతో పని అయిపోయింది. రాక్ ఇప్పటికీ పాతదే.

కాబట్టి ఎవరి దగ్గరికి వెళ్లినా ముందు రెండు విషయాలు చూడండి. మీతో కలిసి బండి నడుపుతాడా? ఏ పార్టు పోయిందంటున్నాడో దాన్ని కదిపి చూపిస్తాడా? జాకీ మీద లేపి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే బాల్ జాయింటులో (ఆర్మ్‌ని చక్రం వైపు కలిపే కీలు) గానీ బేరింగ్‌లో గానీ ప్లే, అంటే వదులు, ఉంటే తెలుస్తుంది. అటూ ఇటూ పట్టుకుని ఊపితే టై రాడ్ ఎండ్, రాక్ ఎండ్ (రాక్ నుంచి చక్రానికి వెళ్లే కడ్డీకి రెండు చివర్ల కీళ్లు) సంగతి బయటపడుతుంది. లోయర్ ఆర్మ్ బుష్ చిరిగితే పొడవాటి రాడ్డు పెట్టి ఎత్తినప్పుడు కంటికే కనిపిస్తుంది. షాకప్ పోయిందంటే దాని ఒంటి మీద ఆయిల్ కారిన మరకలైనా ఉండాలి, లేదా బండిని ఒక మూల గట్టిగా నొక్కి వదిలితే ఒక్కసారికి ఆగకుండా ఊగుతూనే ఉండాలి. ఇవేవీ చూపించకుండా "కిలోమీటర్లు అయిపోయాయి కదండీ, మొత్తం సెట్ మార్చేద్దాం" అంటే అక్కడి నుంచి వచ్చేయండి. షోరూమ్ ఎస్టిమేట్ కాగితం మాత్రం దాచుకోండి. అందులో పార్టు నంబర్లు ఉంటే బయట కొనేటప్పుడు పనికొస్తాయి.

మరి అలాంటి మనిషి ఎక్కడ దొరుకుతాడు? ఆన్‌లైన్ రేటింగ్స్ నాకు పెద్దగా ఉపయోగపడలేదు. చాలావరకు వాటర్ వాష్ బాగా చేశారనే ఉంటుంది. అంతకంటే ట్రావెల్స్ బళ్లు నడిపేవాళ్లని అడగండి. బండి ఆగితే వాళ్లకి రోజు సంపాదన పోతుంది గనక పనిమంతుడెవరో వాళ్లకి తెలుసు. ఇంకా మంచి దారి వీల్ అలైన్‌మెంట్ షాపు. ఊళ్లో మెకానిక్కులందరి పనీ చివరికి ఆ ర్యాంపు మీదకే వస్తుంది. ఎవరు బోల్టులు లూజుగా వదిలేస్తారో వాళ్లు రోజూ చూస్తుంటారు. "మీ సొంత కారు ఎవరి దగ్గర చేయిస్తారు?" అని అడిగి చూడండి.

ఆటోనగర్ గురించి ఒక మాట. విజయవాడ ఆటోనగర్‌లో దొరకనిది లేదంటారు గానీ, అక్కడ చాలా షెడ్లు లారీల పనివి. కమాన్ పట్టీల (లారీ స్ప్రింగు పట్టీల) షెడ్డులో కారు పెడితే కాదనకపోవచ్చు, కానీ అది వాళ్ల పని కాదు. చిన్న కార్లు రెండు మూడు వరుసగా నిలబడి ఉన్న షెడ్డు చూసుకోండి.

పార్టుల దగ్గర అసలు టెన్షన్ మొదలవుతుంది. మెకానిక్‌కి స్పేర్స్ షాపు నుంచి కమీషన్ వస్తుంది, అందులో దాపరికం ఏమీ లేదు, నాకు అభ్యంతరమూ లేదు. అభ్యంతరమల్లా డూప్లికేట్ మాల్ గురించే. హ్యుందాయ్‌కి మోబిస్ (కంపెనీ ఒరిజినల్ పార్టుల బ్రాండ్) డబ్బా సీలుతోనే తెచ్చి మీ ముందే తెరవమనండి, బిల్లు మీ పేరున తీసుకోండి, పాత సామాను డిక్కీలో వేయమనండి. పాత పార్టు ఇవ్వడానికి నసిగితే అక్కడేదో ఉన్నట్టే. గాబ్రియేల్ షాకప్స్ లాంటి తెలిసిన కంపెనీ సరుకైతే షోరూమ్ బయట కొన్నా ఫర్వాలేదు. షాకప్స్ మాత్రం ఒకవైపు ఒక్కటే మార్చకండి, జతగా మార్చాలి.

మంచి పనివాణ్ణి పట్టించే ఆనవాలు ఇంకొకటి ఉంది. లోయర్ ఆర్మ్ బుష్ బోల్టులను చివరిగా బిగించేటప్పుడు బండి బరువు చక్రాల మీద ఉండాలి. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగించేస్తే, కిందికి దించగానే లోపలి రబ్బరు మెలి తిరిగి, కొత్త బుష్ కూడా తొందరగా చిరిగిపోతుంది. "ఆ బోల్టులు ఎప్పుడు బిగిస్తారండీ?" అని ఊరికే అడిగినట్టు అడగండి. విసుక్కోకుండా సరిగ్గా చెప్పేవాడికి తాళాలు ఇచ్చేయొచ్చు.

వారంటీ ఇంకా ఉన్న బండి అయితే ఇదంతా పక్కన పెట్టి షోరూమ్‌కే వెళ్లండి. అక్కడా పార్టు కదిపి చూపించమని అడిగే హక్కు మీకుంది.

పని అయ్యాక అలైన్‌మెంట్ తప్పనిసరి. ముందు, తర్వాత అంకెలు రెండూ ఉన్న ప్రింటు తీసుకోండి. చిన్న కార్లలో మామూలుగా సరిచేయగలిగేది ముందు చక్రాల టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఒక్కటే. కాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలే కోణం) కూడా చేశామని విడిగా డబ్బు అడిగితే, ఏ బోల్టు తిప్పారో చూపించమనండి.