గుమ్మెట తప్పకూడదు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ స్క్రిప్టు పోయిన గురువారం అందింది. ఏకబిగిన చదవడం మొదలుపెట్టాను. అపార్ట్‌మెంట్‌లో ఆరు నెలలుగా లిఫ్ట్ పనిచేయకపోవడం, అసోసియేషన్ మీటింగ్‌లో ముగ్గురు కుర్రాళ్ళు దాని మీద బుర్రకథ చెప్పడం, ఆలోచన బాగుంది. కానీ ఏడో పేజీలో బ్రాకెట్ పెట్టి ఒక మాట రాశావు. "ఇక్కడ జానపదం టైపులో ఏదో ఒక తమాషా పాట, గోలగోలగా." అది చదివి కాగితాలు పక్కన పెట్టేశాను. ఆ రోజు మళ్ళీ ముట్టుకోలేదు.

'ఏదో ఒక' ఏమిటి బాబూ? అక్కడ త్యాగరాజ కీర్తన రావాల్సి ఉంటే 'ఏదో ఒక కీర్తన' అని రాయడానికి నీకు చెయ్యి వచ్చేదా? ఏ కీర్తనో, ఏ రాగమో ఎవరినైనా అడిగి తెలుసుకునేవాడివి. జానపదం దగ్గరికి వచ్చేసరికి ఈ చులకన ఎందుకు?

పైగా ఉత్తరంలో 'ఎ మైటీ విండ్' సినిమాను సాక్ష్యం తెచ్చావు. వాళ్ళు జానపద సంగీతాన్ని ఎగతాళి చేస్తే లోకం మెచ్చుకుంది కదా, మనం చేస్తే తప్పేంటి అని అడిగావు. నాకు చాలా ఇష్టమైన సినిమా అది. ఇంకోసారి పెట్టుకో. ఈసారి కళ్ళు మూసుకుని పాటలు మాత్రం విను.

2003లో క్రిస్టఫర్ గెస్ట్ తీశాడు. 1960ల నాటి అమెరికన్ ఫోక్ గాయకులు వయసు మళ్ళాక, న్యూయార్క్ టౌన్ హాల్‌లో ఒక సంస్మరణ కచేరీ కోసం మళ్ళీ కలుస్తారు. గెస్ట్ సినిమాల్లో డైలాగులు కాగితం మీద ఉండవు. సన్నివేశం ఏమిటో చెప్పి, మాటలు నటులకే వదిలేస్తాడు. అంతటి మనిషి పాటల్ని మాత్రం అలా వదల్లేదు. పాటలు ముందే రాశారు, బాణీలు కట్టారు, నటులే పాడారు, నటులే వాయించారు. మిక్కీ అనే గాయని పాత్ర కోసం కేథరిన్ ఓహారా ఆటోహార్ప్ నేర్చుకుంది. గుండెకు ఆనించుకుని మీటే తీగల పెట్టె అది. కామెడీ సినిమాయే కదా, ఇంకెవరి వేళ్ళో చూపించి పని కానిచ్చేద్దాం అని వాళ్ళు అనుకోలేదు.

అందులో ముగ్గురు మగవాళ్ళ బృందం ఉంది కదా, ఫోక్స్‌మెన్ అని. గెస్ట్, మైఖేల్ మెకీన్, హ్యారీ షియరర్. 1984లో హెవీ మెటల్ బ్యాండ్ వేషాలు కట్టి 'దిస్ ఈజ్ స్పైనల్ ట్యాప్' చేసింది కూడా ఈ ముగ్గురే. వీళ్ళు ఒక పాత హోటల్ మీద పాడతారు. ఆ హోటల్ నియాన్ బోర్డులో కొన్ని అక్షరాలు వెలగవు. వెలగని అక్షరాలు మింగేసి, వెలిగేవాటినే కలిపి పాడతారు. తమాషా అంతే, ఆ ఒక్కటే. గిటార్, బాంజో, మూడు గొంతులు కలిసే చోటు, అన్నీ అసలు పాటకు ఎలా ఉండాలో అలాగే ఉంటాయి. ఆ తమాషా తీసేసినా కాలు ఆడుతూనే ఉంటుంది. టైటిల్ పాటలో 'మైటీ విండ్' అంటే పెనుగాలి, దానికి కడుపులోంచి వచ్చే గాలి అనే అర్థం కూడా ఉంది. పాడేవాళ్ళు మాత్రం శాంతి గురించి, స్వేచ్ఛ గురించి భజన పాడినంత నిష్ఠగా పాడతారు. ఒక్కడి మొహంలోనూ నవ్వు కనిపించదు. ఆ పాటకు గ్రామీ వచ్చింది.

ఇక ఆ సినిమాలోనే యూజీన్ లెవీ, ఓహారా వేసిన మిచ్, మిక్కీల పాట. ఒకప్పుడు జంట, తర్వాత విడిపోయారు. పాటలో ఒకచోట స్టేజీ మీదే ముద్దు పెట్టుకోవడం వాళ్ళ ఆనవాయితీ. ఇన్నేళ్ళ తర్వాత ఆ చోటు వస్తుంది. పాట ఆగుతుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. మా అమ్మాయి ఇంట్లో సోఫాలో కూర్చుని చూస్తున్న నేను, అది పేరడీ అన్న సంగతే మర్చిపోయాను. కళ్ళు తుడుచుకున్నాను. మెకీన్, ఆయన భార్య అనెట్ ఓటూల్ కలిసి రాసిన పాట అది. ఆస్కార్‌కు నామినేట్ అయితే, 2004లో ఆ వేదిక మీద ఓహారా, యూజీన్ లెవీ అవే పాత్రల్లో పాడారు.

నేను ఎన్నో ఏళ్ళుగా ఒకటే మాట మీద ఉన్నాను. పేరడీ రాసేవాడికి ముందు ఆ బాణీలో నిఖార్సయిన పాట రాయడం రావాలి. జలసూత్రం రుక్మిణీనాథ శాస్త్రి గారిని 'పేరడీ శాస్త్రి' అన్నారంటే ఊరికే అనలేదు. శ్రీశ్రీ కవితలకు పేరడీలు కట్టాడంటే, ఆ నడక ఆయన చెవిలో ఉంది. చెవిలో లేనిదాన్ని వెక్కిరిస్తే అది వెకిలితనమే అవుతుంది.

ఇది నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు. మద్రాసులో ఉన్న రోజుల్లో ఒక నిర్మాత పిలిచి, పల్లెటూరి పాట కావాలి, జనం పడీపడీ నవ్వాలి అన్నాడు. డబ్బు అవసరం. ఒక్క రాత్రిలో రాసిచ్చాను. ఓలమ్మో, ఓరయ్యో, బావో, మావో తప్ప అందులో ఏమీ లేదు. సినిమా ఆడింది, పాటకూ నవ్వారు. సంక్రాంతికి ఊరెళ్ళాను. మా పెద్దమ్మ నాట్లలో పాట ఎత్తుకునే మనిషి. ఆవిడ ఎత్తుకుంటే ఇరవై మంది అందుకునేవాళ్ళు. నాకు అన్నం వడ్డిస్తూ, "మేం ఇట్టానే పాడతామట్రా?" అంది. కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ తర్వాతే గుంటూరు పల్లెల్లో బుర్రకథ దళాల వెంట తిరిగాను. పొన్నెకల్లు షేక్ నాజర్ గారి కథలు విని పెరిగిన నేల అది. హాస్యపు వంత అంటే కథకుడి పక్కన నిలబడి నవ్వించే తోడు. అలాంటి ఒకాయన ఇంటి వసారాలో రెండు రోజులున్నాను. సాయంత్రం కథకు బయల్దేరే ముందు ఆయన నాలుగు ఎండుపుల్లలు అంటించి, తను వాయించే గుమ్మెట అనే డప్పు చర్మాన్ని ఆ సెగకు తిప్పి తిప్పి చూపించేవాడు. వేలితో ఒక దెబ్బ, చెవి దగ్గర పెట్టుకోవడం, మళ్ళీ సెగ. అరగంట అదే పని. రాత్రి స్టేజీ ఎక్కాక ఆయన మాటలకు జనం కడుపులు పట్టుకుని నవ్వుతుంటే నేను ఆయన చేతినే చూశాను. నోరు ఎన్ని వంకర్లు తిరిగినా చెయ్యి ఒక్క దెబ్బ తప్పలేదు.

చూశావా, కథకుడు తంబుర మీటుతూ వీరగాథ చెబుతుంటే, పక్కనే నిలబడి అడ్డుతగిలే మనిషిని బుర్రకథే పెట్టుకుంది. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క ఉన్నారు. తమ మీద తాము నవ్వుకోవడం జానపద కళాకారులకు మనం నేర్పక్కర్లేదు. మన సినిమాలే ఆ మర్యాద మర్చిపోయి, శ్రీకాకుళం యాసనూ తెలంగాణ యాసనూ ఏళ్ళ తరబడి కమెడియన్‌కో రౌడీకో తగిలించాయి. దీని మీద నేనొక వ్యాసం రాస్తే, పాఠకులకు ఆసక్తి ఉండదని ఒక వారపత్రిక ఎడిటర్ తిప్పి పంపాడు. ఆ తర్వాతి నెలలోనే అదే పత్రికలో యాస జోకులు రెండు పేజీలు వచ్చాయి. ఆ సంచిక ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

కాగితాలు పక్కన పెట్టిన మరుసటి రోజు నీ స్క్రిప్టు మళ్ళీ తీశాను. తొమ్మిదో పేజీలో ఈ రెండు పాదాలు కనిపించాయి.

మూడో అంతస్తు ముసలమ్మ
మెట్టు మెట్టుకో దేవుణ్ణి మొక్కె

ఇది రాసింది నువ్వేనా? ఇది రాయగలిగినవాడికి ఏడో పేజీలో ఆ బ్రాకెట్ ఎందుకు? దీని వెనక వెంటనే 'తందాన తాన' గోల పెట్టావు, అది తీసెయ్. ఇక్కడ కథకుడు ఒక్కడే పాడాలి. తంబుర, వేళ్ళకున్న అందెలు, అంతే. మీటింగ్‌కు వచ్చినవాళ్ళు ఆ ముసలమ్మ వైపు తిరిగి చూడాలి. ఆవిడ ఏ దేవుళ్ళను మొక్కిందో వరసగా చెప్పు, అంతస్తు అంతస్తుకూ ఊపిరి తగ్గాలి. అప్పుడు హాస్యపు వంత అందుకుని, లిఫ్ట్ మెకానిక్ పేరు కూడా ఆ దేవుళ్ళ వరసలో కలపనీ. ఆ నవ్వు ఆగదు చూడు.

డైరెక్టర్లను ఎలా కలవాలి, కలం పేరు పెట్టుకోవాలా అని కూడా అడిగినట్టున్నావు. ముందు ఈ పాట పూర్తి చెయ్యి. రాసేటప్పుడు బల్ల మీద అరచేత్తో దెబ్బ వేసుకుంటూ రాయి. పాడి రికార్డు చేసి పంపు, వింటాను. గొంతు బాగాలేదని సిగ్గుపడకు, నాకు దెబ్బ వినిపిస్తే చాలు.